రెండో కెమెరా కార్డు కోసం మిర్యాలగూడ దాకా

సూర్యాపేట చూసి వద్దామని ఎవరూ ఇల్లు కదలరు. హైదరాబాదు పోతూ వస్తూ అక్కడ బస్సు ఆగితే టీ తాగుతారు, నడుం సాగదీసుకుంటారు, మళ్లీ ఎక్కుతారు. ఇరవై ఏళ్లుగా నేనూ అంతే. మాది కాకినాడ. ఫోటో ల్యాబులో రంగులు సరిచేయడం నా పని. కిందటి నెల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు కొందరు కలిసి, రోజుకో ఊళ్లో 'రా' ఫైళ్ల గురించి క్లాసు చెప్పమని పిలిచారు. బస్సు చార్జీ, బస, భోజనం వాళ్లవి. జీతం లేదు. ఊరికే చెప్పేవాడి మాట ఎవరూ వినరని మా ఆవిడ ముందే అంది. విన్నారు. కాకపోతే నేను చెప్పదలచుకున్నది కాదు వాళ్లకు పనికొచ్చింది.

సూర్యాపేట: బియ్యమా, వడ్లా

మొదటిరోజు పొద్దున బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ. ప్లేటు నలభై. మా వైపు ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే గొడవ పెట్టుకుంటారు. ఇక్కడ పల్లీ చట్నీ పలచగా పోసి, కారప్పొడి చల్లి, "సాంబార్ గావాల్నా" అన్నాడు. కావాలన్నాను. ఇడ్లీలు కనపడకుండా పోశాడు. బాగానే ఉంది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండో ప్లేటు పట్టింది.

క్లాసు ఒక ఫంక్షన్ హాలు మేడ మీద. ఇరవై మంది దాకా మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. కెమెరా ఫోటోను రెండు రకాలుగా దాస్తుందని మొదలుపెట్టాను. అందరికీ తెలిసిన జేపెగ్ వండిన అన్నం లాంటిది. కెమెరాయే వండి వార్చి పెడుతుంది, రుచి నచ్చకపోయినా మళ్లీ బియ్యం చేయలేం. రా ఫైలు బియ్యం. వెలుగు, రంగు అన్నీ మనమే తర్వాత చూసుకోవచ్చు.

వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. రైసు మిల్లులో పనిచేసి మానేసి కెమెరా పట్టుకున్న మనిషట. "బియ్యం గాదు సార్, వడ్లనుండ్రి. బియ్యమంటే పొట్టు పోయినట్టే గద. మీరు చెప్పేదానికి పొట్టు గూడ ఉండాలె."

నిజమే. మూడేళ్లుగా ఊరూరా బియ్యం అని చెబుతున్నాను. ఒక్కరూ దిద్దలేదు. ఆ పూట నుంచి వడ్లు అన్నాను.

తర్వాత, అసలు ఫోటోను చెడగొట్టకుండా సరిచేసే సాఫ్ట్‌వేర్ల సంగతి చెప్పాను. దర్జీ బట్ట మీద సుద్దముక్కతో గీస్తాడు. కత్తెర పడనంతవరకు బట్టకు ఏమీ కాదు. ఈ సాఫ్ట్‌వేర్లు గీతలు గీసి ఊరుకుంటాయి. ఎంత వెలుగు పెంచాలి, ఎంత ఎరుపు తగ్గించాలి అని పక్కన ఒక చిన్న చీటీ ఫైలులో రాసుకుంటాయి. అసలు ఫైలును ముట్టుకోవు.

"కస్టమర్‌కు గీతలు ఇస్తమా సార్, అంగీ కుట్టియ్యాలె గద" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ నా మాట నడిమధ్యలో తెగిపోయిందని లోపల కొంచెం మండింది.

చివర్లో ప్రశ్నలు అడగమంటే నలభై ఏళ్ల మనిషి ఒకడు లేచాడు. కోదాడలో స్టూడియో ఉందన్నాడు. పేరు సైదులు. "ఫోటో ఫైలు పేరు మారిస్తే ఫోటో చచ్చిపోతదా సార్?"

హాలంతా గొల్లుమంది. అతను నవ్వలేదు. అందరూ వెళ్లిపోయాక నా సంచీ అందుకుని, ఇమ్మన్నా ఇవ్వకుండా లాడ్జి దాకా మోశాడు. దారిలో చెప్పిన కథ ఇది.

నాలుగు రోజుల కింద నడిగూడెంలో ఒక పెళ్లి తీశాడు. ఆ ముందురోజే ఎవరో వీడియోలో రా పెడితే ఫోటో అద్దంలా వస్తుందని చెబితే విని, తన కెమెరాలోనూ, కిరాయికి తెచ్చుకున్న రెండో ఫోటోగ్రాఫర్ ఆంజయ్య కెమెరాలోనూ జేపెగ్ తీసేసి రా పెట్టాడు. పెళ్లయ్యాక కార్డులు కంప్యూటర్లో పెడితే అతని పాత సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఫోటో తెరుచుకోలేదు. ఇంకో వీడియో చూశాడు. ఫైలు పేరు చివర ఉన్న మూడక్షరాలు కొట్టేసి జేపీజీ అని రాస్తే సరిపోతుందని అందులో ఉంది. రెండు కార్డుల్లోనూ ఒక్క దెబ్బతో అన్ని పేర్లూ మార్చేశాడు. అప్పటిదాకా కెమెరాలోనైనా కనపడుతున్న ఫోటోలు అప్పుడు కెమెరాలో కూడా కనపడడం మానేశాయి.

"పచ్చి వడ్ల బస్తా మీద అన్నం అని రాసినట్టు అయింది మీ పని" అన్నాను.

"అయితే బతుకుతయా సార్?"

"బతికే ఉన్నాయి. పేరు వెనక్కి మారిస్తే చాలు."

అతను రోడ్డు మీదే ఆగిపోయాడు. లారీ హారన్ కొడితే చెయ్యి పట్టి పక్కకు లాగాను. మర్నాడు అతనితో కోదాడ బయల్దేరే హడావుడిలోనే నా చార్జరు లాడ్జి గదిలో మర్చిపోయాను.

కోదాడ: అతికించిన మనుషులు

కోదాడలో మాట సగం మా వైపుకు ఒరుగుతుంది. సైదులు పక్క కొట్టువాడితో "ఉంటది, అయితది" అంటాడు, నాతో "ఉంటుందండి" అంటాడు. రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. టీ పది రూపాయలు. అడక్కుండానే చక్కెర ఎక్కువ వేస్తారు, తక్కువ వేయమంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

క్లాసు అయ్యాక అతని స్టూడియోకు వెళ్లాం, బట్టల కొట్టు మీద మేడ. గోడకు జలపాతం పరదా. బల్ల మీద ఆల్బములు. అన్నిట్లోనూ పెళ్లికూతుళ్లు ఒకే తెలుపు. ఒక గ్రూపు ఫోటో చూపించి, "ఇందులో ఈ తాత పెళ్లికి రాలేదు సార్, దుబాయ్‌లో ఉన్న ఈ తమ్ముడూ రాలేదు. ఇద్దరినీ తెచ్చి నిలబెట్టిన" అన్నాడు గర్వంగా. చూడగా తాత కాళ్ల కింద నీడ లేదు. ఆ మాట అనలేదు. పనితనం ఉంది మరి, ఒప్పుకోవాలి.

పేర్లు వెనక్కి మార్చడం రెండు నిమిషాల పని. నా ల్యాప్‌టాప్‌లో ఫోటోలు వరసగా తెరుచుకున్నాయి. మండపం, పంతులు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. సైదులు కళ్లు తుడుచుకుని, తెర మీద చెయ్యి పెట్టి ఆ చెయ్యి కళ్లకు అద్దుకున్నాడు. ఇవి పోయాయనుకుని, పెళ్లికొడుకును పెళ్లికూతురిని మళ్లీ బట్టలు కట్టించి తలంబ్రాలు పోయించడానికి ఫంక్షన్ హాలు కూడా మాట్లాడాడట. ఇక్కడ అది కొత్త కాదు, ఫోటోలు చెడితే అలాగే చేస్తారు. ఒకటే చిక్కు, పెళ్లికొడుకు పెళ్లయిన మర్నాడే గుట్ట మీది గుడికి పోయి గుండు కొట్టించుకున్నాడు. "పాగా కట్టిద్దామనుకున్న సార్" అన్నాడు.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెళ్లికూతురి తల్లి లింగమ్మ. నడిగూడెం నుంచి ఆటోలో వచ్చింది. నలుగురు వెనక నడిచినా తిరిగి చూడని రకం మనిషి. గొర్లు కాచిన చేతులు. ఫోటోలు వచ్చాయమ్మా అని సైదులు కుర్చీ లాగాడు. ఆమె కూర్చోలేదు. బిడ్డ తలంబ్రాలు చూసింది, తాళి కట్టేది చూసింది. ముఖంలో ఏమీ మారలేదు.

"గంప ఏది?" అంది.

మా వైపు బుట్ట అంటాం, ఇక్కడ గంప. మేనమామ పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తాడు. ఇప్పుడు నలుగురు పట్టినా ముందు చెయ్యి మేనమామదే ఉండాలి. సైదులు ఆ సమయంలో మండపం దగ్గర పెళ్లికొడుకుతో ఉన్నాడు. గంప లేచిన చోట ఉన్నది ఆంజయ్య. ఆ కార్డులో పేర్లు మార్చాడే కానీ ఫోటోలను సైదులు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోలేదు. ఖరాబైందనుకుని, నీ కార్డు నువ్వు తీసుకో అని ఇచ్చేశాడు. ఆంజయ్య మిర్యాలగూడ వెళ్లిపోయాడు.

ఇది వినేసరికి లింగమ్మ కూర్చుంది.

"మా అన్న వీరయ్యది నిడమనూరు. సెల్క భూమి పంచుకునే కాడ మాట మాట వచ్చింది. పదకొండేండ్లు, ఆ ఇంటి పొయ్యి ఈ ఇంటి పొయ్యి ఎరగదు. మొన్న పెద్దమనుషులు పోయి పిలిస్తె వచ్చిండు. గంప ఎత్తిండు, దించిండు, పోయిండు. నన్ను సూడలే. నేను గూడ సూడలే." నాతో చెప్పింది, సైదులుతో కాదు. "పెద్దమనుషుల మాట కాదనలేక వచ్చిండని మా ఆయన అంటడు. గంతేనేమో. అయినా వచ్చిండని రేపు నా బిడ్డకు సూపియ్యాలె గద."

"అమ్మా, మీ అన్నది పాత ఫోటో ఒకటియ్యి" అన్నాడు సైదులు. "గంప పక్కన అసలు తెల్వకుండ అతికిస్త."

ఆమె అతని వైపు తిరిగింది. "అతికిచ్చిన అన్న నాకెందుకు? తలంబ్రాలు మళ్ల పోపిస్తవు. గంప మళ్ల ఎట్ల ఎత్తిపిస్తవ్?"

సైదులు తల దించుకున్నాడు. నాది కాని తప్పుకు నాకెందుకు సిగ్గేసిందో ఇప్పటికీ తెలియదు.

ఆంజయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పదిసార్లు చేశాక అతని భార్య ఎత్తింది. రేపు పొద్దున మిర్యాలగూడలోనే పెళ్లి ఒప్పుకున్నాడని, ఫోను ఇంట్లో మర్చిపోయి మేనల్లుడి ఊళ్లో హల్దీ తీయడానికి పోయాడని, అట్నుంచి అటే ఫంక్షన్ హాలుకు పోతాడని చెప్పింది. కార్డు గురించి అడిగితే, "ఖరాబైంది, ఫార్మాట్ కొట్టిన అన్నడు. మంచిగైందంట ఇప్పుడు" అంది సంతోషంగా.

సైదులు ముఖం చూసి నేను చెప్పాను. ఫార్మాట్ కొడితే ఫోటోలు వెంటనే చెరిగిపోవు. కార్డు తన దగ్గర ఏమున్నదీ మర్చిపోతుంది, అంతే. వాటి మీద కొత్త ఫోటోలు పడితే మాత్రం పోతాయి, మొదటివి ముందు. గంప ఫోటోలు ఆంజయ్య కార్డులో మొదటివే.

హుజూర్‌నగర్ మీదుగా

మూడోరోజు క్లాసు మిర్యాలగూడలోనే, మధ్యాహ్నం. ఎలాగూ వెళ్లాల్సిందే కాబట్టి తెల్లారే మొదటి బస్సు పట్టుకున్నాం. దారంతా వరి. మా గోదావరి నీళ్ల పొలాలు చూసిన కంటికి ఏ పొలమూ ఆనదని అనుకునేవాణ్ని. ఇక్కడి సాగర్ కాలువ పొలాలు చూసి ఆ మాట కాస్త తగ్గించుకున్నాను.

హుజూర్‌నగర్‌లో బస్సు పావుగంట ఆగింది. డ్రైవరు దిగి మిర్చి బజ్జీలు తింటూ నిలబడ్డాడు. సైదులు వెళ్లి బతిమాలాడు. "ఏం తొందర తమ్మీ, పెండ్లికా?" అన్నాడు డ్రైవరు. పెళ్లికే అన్నాడు సైదులు. "మరి పెండ్లి నువ్వు పోకుంటె ఆగుతదా?" అని ఇంకో బజ్జీ అందుకున్నాడు. ఆగదు, అదే మా బాధ. బజ్జీలు మాత్రం మంచివి, ఇరవై రూపాయలకు నాలుగు. నేనూ తిన్నాను. సైదులు నన్ను చూసిన చూపు బాగాలేదు.

మిర్యాలగూడ: నల్ల ఫోటో

ఫంక్షన్ హాలు చేరేసరికి తొమ్మిదిన్నర. గుమ్మంలో పన్నీరు చల్లుతున్నావిడ ఇద్దరి మీదా చల్లి, "టిఫిన్ అటు" అని చూపించింది. ఎవరి తరఫు అని ఎవరూ అడగలేదు. మా ఊళ్లో అయితే ముందు ఆ సంగతి తేల్చుకుని అప్పుడు నవ్వుతారు.

ఆంజయ్య పెళ్లికూతురి పాదాలకు పారాణి పెట్టేది తీస్తున్నాడు. బక్కపల్చని మనిషి, మెడలో తువ్వాలు. సైదులు వెళ్లి కెమెరా మీద చెయ్యి వేశాడు. కాస్త పెనుగులాట లాంటిది జరిగింది. విషయం తెలిశాక ఆంజయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "రెండొందలు పడ్డయి అన్నా ఇప్పటికే" అన్నాడు. కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. వేరే కార్డు వేసుకుని పనిలోకి పోయాడు. పెళ్లి ఆగదు కదా.

నా ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ పాతిక శాతం. చార్జరు సూర్యాపేటలో ఉంది. డీజే కుర్రాడు తన చార్జరు ఇచ్చాడు, అది నా దానికి సరిపోవడం నా అదృష్టం. ప్లగ్గు మాత్రం కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌ది పీకి పెట్టాల్సి వచ్చింది. అరగంటకోసారి ఒక పెద్దాయన వచ్చి, "సల్లగ లేవేంది" అని సీసాలు తడిమి పోయేవాడు. మేం తలెత్తలేదు.

చెరిగిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ నిదానంగా కార్డు మొదటి నుంచి చివరకు నడుస్తుంది. మొదట నిన్నటి హల్దీ, ఇవాళ్టి పెళ్లి వచ్చాయి. తర్వాత కొన్ని ముక్కలు. తర్వాత మెల్లగా నడిగూడెం. పోయినవి పోగా, గంప ఫోటోలు మూడు దొరికాయి. ఒకదాంట్లో పైసగమే ఉంది, కింద అంతా బూడిద రంగు. గంప లేదు, పెళ్లికూతురి తల మాత్రం ఉంది. రెండోదాంట్లో వీరయ్య వీపు. మూడోది మొత్తం నలుపు.

మధ్యలో చూడ్డానికొచ్చిన ఆంజయ్య, "అది ఫ్లాష్ కొట్టలే సార్. డిలీట్ కొడుదమనుకుని మరిశిన" అన్నాడు. సైదులు స్టూలు మీద కూలబడ్డాడు. "వీపు ఫోటో ఇస్తే ఆమె నా మొహాన కొడుతుంది" అన్నాడు. అతని భయం డబ్బుల గురించి కాదని నాకు అప్పటికి అర్థమైంది. నడిగూడెంలో ఇంకెప్పుడూ తల ఎత్తుకు తిరగలేనేమోనని అతని దిగులు.

నేను ఆ నల్ల ఫోటో తెరిచాను. జేపెగ్ అయితే అందులో ఏమీ మిగిలేది కాదు. ఇది రా. తెర మీద వెలుగు పెంచే స్లైడర్ పట్టుకుని కొద్దికొద్దిగా కుడివైపు జరిపాను. ముందు పెళ్లికూతురి గాజులు. తర్వాత గంప అంచు, దాని మీద రెండు పెద్ద చేతులు. ఇంకా జరిపితే రవ్వలు రవ్వలుగా మచ్చలు వచ్చాయి, వాటిని తగ్గించాను. వీరయ్య ముఖం తేలింది. యాభై ఏళ్ల మనిషి, నెరిసిన మీసం, పళ్లు బిగబట్టి ఉన్నాడు. రెండు చెంపల మీదా నీళ్లు. గంప రెండు చేతుల్లో ఉంది కదా, తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

లోపల్నుంచి ఎవరో పిలిస్తే ఆంజయ్య కెమెరా ఎత్తుకుని వెళ్లాడు. ముప్ఫై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు దిద్దుతున్నాను, ఇలాంటిది ఒక్కటీ నా చేతికి రాలేదు.

సైదులుకు ముందు అలవాటే గుర్తొచ్చింది. "పెండ్లి ఫోటోల ఏడుపు మంచిది కాదంటరు సార్, తుడిచేద్దామా?"

"ముట్టుకోకు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

అతను ఆ ఫోటోను లింగమ్మ ఫోనుకు పంపాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. లోపల మంగళసూత్రం కడుతున్నట్టున్నారు, బ్యాండు వాళ్లు ఒక్కసారి అందుకున్నారు. సైదులు ఫోను మోగింది. మేం వంటల షెడ్డు వైపు పరుగెత్తాం. అతను స్పీకర్ పెట్టాడు.

"సైదులూ."

"చెప్పమ్మా."

"నువ్వు నల్లోళ్లను తెల్లగ జేస్తవు. రానోళ్లను తెచ్చి నిలవెడ్తవు. గీ నీళ్లు గూడ నువ్వే పెట్టినవా?"

నిజం చెప్పినా ఆమె నమ్మేలా లేదని సైదులుకూ తెలుసు. ఫోను నా చేతిలో పెట్టాడు.

ఇది రా ఫైలు అమ్మా, దీంట్లో మనం ఏదీ కలపలేదు, ఫోటో చీకట్లో పడితే వెలుగు పెంచామంతే అని నేను మొదలుపెట్టాను. వడ్ల దాకా వచ్చాను.

"గవన్ని నాకెందుకు సారూ" అంది. "ఉన్నయా, పెట్టిండ్రా? గది చెప్పు."

"ఉన్నాయమ్మా."

"ఒట్టు?"

మా ఇంట్లో నేను దేని మీదా ఒట్టు వేయను. మా ఆవిడ అడిగినా వేయను.

"ఒట్టమ్మా. చీకటి ఒక్కటే తీశాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినపడింది. ఎవరో ఏమైందని అడిగితే ఏం లేదు పో అంది. షెడ్డులో వంటవాళ్లు బగారన్నం గుండిగ దించుతున్నారు. పట్టుకున్న ఫోను చేతికి వేడిగా తగులుతోంది. పెట్టేసిందేమో అనుకున్నాను.

"సారూ" అంది మళ్లీ. "మీరు మిర్యాలగూడలనే ఉన్నరు గద. ఆడ దిగితె నిడమనూరు బస్సు ఎన్నింటికి దొరుకుతది?"

నాకు తెలియదు. తాళి కట్టేది తీసి అప్పుడే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన ఆంజయ్యకు ఫోను ఇచ్చాను.